ఈల ఊదకముందు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

కడప జిల్లాకు టీకలు కొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ ఆ తర్వాత పండితులకు జీతాలిచ్చి కావ్యాలకు టీకలు రాయించాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది ప్రొద్దుటూరులోనే. ఇంత సంపద ఉన్న సీమలో ఫుట్‌బాల్ రిఫరీ తన ఇద్దరు సహాయకులతో ఆటకు ముందు ఏం మాట్లాడాలన్న విషయానికి మాత్రం ఎవరూ వ్యాఖ్యానం రాయలేదు. టీక రాయాలంటే ముందు పద్యం ఉండాలి గనుక అదీ ఇక్కడే కట్టడమైంది. తాళపత్రాల్లో వెతకనక్కర్లేదు.

ఈల జెండ నాణె మెఱ్ఱచీటి పసుపు
చీటి వాచి రెండు చేతఁ బట్టి
పక్కవారిఁ బిలిచి పదిమాట లాడక
మొదలు వెట్టువాడు ముప్పుఁ బొందు

ప్రతిపదార్థం: ఈల = విజిల్; జెండ = జెండా; నాణెము = టాస్ వేసే రూపాయి బిళ్ల; ఎఱ్ఱచీటి, పసుపు చీటి = రెడ్ కార్డు, ఎల్లో కార్డు; వాచి రెండు = రెండు చేతి గడియారాలు; చేతన్ పట్టి = చేతపట్టుకొని; పక్కవారిన్ = పక్క గీతల వెంట పరుగెత్తే అసిస్టెంట్ రిఫరీలను; పిలిచి = దగ్గరికి పిలిచి; పది మాటలు ఆడక = పది సంగతులు తేల్చుకోకుండా; మొదలు వెట్టువాడు = ప్రారంభించే రిఫరీ; ముప్పున్ = ఆపదను; పొందు = పొందును. 'ఆటను' అనే కర్మపదం అధ్యాహారం. మాట్లాడుకోకుండా మొదలుపెడితే మైదానంలోనూ ఆట మాయమై జగడమే మిగులుతుంది గనుక ఈ లోపం కవి తెలిసి చేసిందేనని సమర్థించాలి.

తాత్పర్యం: సరంజామా ఎంత ఉన్నా, ముగ్గురూ ముందుగా ఒక మాట అనుకోకపోతే రిఫరీ పని చెడుతుంది.

ఇక విశేషాలు.

'నాణెము': 2019 దాకా టాస్ గెలిచిన జట్టు ఏ గోల్ వైపు దాడి చేయాలో మాత్రమే ఎంచుకునేది. ఇప్పుడు కావాలంటే మొదటి కిక్ తానే తీసుకోవచ్చు. పాత అలవాటున్న కెప్టెన్లు మధ్య వృత్తంలో వాదనకు దిగుతారు. టాస్ వేసే ముందే రిఫరీ ఈ సంగతి చెప్పేస్తే సరి.

'చీటి': ఈ రంగుల చీటీలు ఇంగ్లండ్ రిఫరీ కెన్ ఆస్టన్ ఆలోచన. ట్రాఫిక్ లైట్లను చూసి పుట్టిన ఆ ఆలోచన 1970 మెక్సికో ప్రపంచకప్‌లో అమలులోకి వచ్చింది. చీటి చూపితే సరిపోదు, ఎవరికి చూపిందీ రాసుకోవాలి. 2006 జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా ఆడిన మ్యాచులో రిఫరీ గ్రాహం పోల్ క్రొయేషియా ఆటగాడు యోసిప్ సిమూనిచ్‌కు మూడుసార్లు పసుపు చీటి చూపాడు. రెండోదానికే బయటికి పంపాలి. ఒక చీటిని పొరపాటున ఆస్ట్రేలియా 3వ నంబరు ఆటగాడి ఖాతాలో రాసుకోవడంతో లెక్క తప్పింది. పక్కవారూ పట్టుకోలేదు. అందుకే చీటీల పద్దు ముగ్గురూ రాయాలని, రెండో చీటి అయితే వెంటనే కేకెయ్యాలని ముందే అనుకోవాలి.

'వాచి రెండు': దీనికి 'వాచి యొకటి' అని పాఠాంతరం చదివే పిసినారులున్నారు. ఛందస్సు చెడదు గానీ ఆట చెడుతుంది. ఒకటి ఆగకుండా నడవాలి, రెండోది దెబ్బలకూ ఆలస్యాలకూ ఆపి నడిపించాలి. పక్కవారు కూడా మొదటి కిక్‌తోనే తమ గడియారాలు నొక్కాలి.

'పక్కవారు': వీరి వంశచరిత్ర విచిత్రం. పూర్వం జట్టుకొకరు చొప్పున ఇద్దరు అంపైర్లు మైదానంలో ఉండేవారు, రిఫరీ గీత బయట నిలబడి వాళ్ల తగువు తీర్చేవాడు. 1891లో తారుమారైంది. రిఫరీ లోపలికొచ్చాడు, అంపైర్లు గీత మీదికి వెళ్లి లైన్స్‌మెన్ అయ్యారు. 1996లో అసిస్టెంట్ రిఫరీలని పేరు మారింది. 1934 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ నడిపిన స్టాన్లీ రౌస్ పేరుతో ప్రచారమైన ఏర్పాటే నేటికీ నడుస్తోంది: రిఫరీ మైదానానికి ఐమూలగా పరుగెత్తుతాడు, పక్కవారు ఎదురెదురు గీతల మీద చెరో సగం చూసుకుంటారు. ఏ మూల నుంచి ఏ మూలకన్నది ఈల ఊదకముందే తేలాలి. ఈ పక్కపనిని చిన్నచూపు చూడరాదు. చెన్నైకి చెందిన కోమలీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచకప్ దాకా వెళ్లింది జెండా పట్టుకొనే.

'పదిమాటలు': ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి ఒక్కొక్క వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) వచ్చి స్కూల్ గేమ్స్ మ్యాచు నడపాలనుకుందాం. ముగ్గురి చెవుల్లోనూ మైకుల్లేవు, వీడియో లేదు. ఉన్నవి కళ్లు, చేతులు, ఆ పది మాటలు. ఆఫ్‌సైడ్ అనిపించినా బంతి ఎవరికి పోతుందో చూసి జెండా ఎత్తడం మొదటిది. "తొందరపడి ఎత్తాకు సార్, ఒక్క చణం చూడు" అని రిఫరీ అనేది ఇందుకే. త్రో ఎవరిదో దగ్గరున్నవారు చూపడం రెండోది. కార్నరా, గోల్ కిక్కా అన్నది మూడు. పక్కవారి ముక్కు ముందే జరిగిన ఫౌల్ నాలుగు. బంతి గీత పూర్తిగా దాటితే మధ్య గీత వైపు పరుగు తీయడం ఐదు. పెనాల్టీలో గోల్‌కీపర్ ముందుకు దూకాడా అన్నది ఆరు. ఆటగాళ్ల మార్పు ఏడు, చీటీల పద్దు ఎనిమిది. గుంపుగా కొట్టుకుంటే ఎవరు ఎవరి నంబర్లు గుర్తుపెట్టుకోవాలన్నది తొమ్మిది. పదోది, జెండా ఎత్తినా రిఫరీ చూడకపోతే రెండో పక్కవారు అతన్ని మేలుకొలపడం.

1966 ప్రపంచకప్ ఫైనల్లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గీత దాటిందా అని స్విట్జర్లాండ్ రిఫరీ గాట్‌ఫ్రిడ్ డీన్స్ట్ వెళ్లి అజర్‌బైజాన్‌కు చెందిన లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్‌ను అడిగాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. బహ్రామోవ్ తల ఊపాడు, ఇంగ్లండ్‌కు గోల్ దక్కింది. ఆ తల ఊపుడు మీద వాదన ఇంకా తెగలేదు. మన పీఈటీలకైతే భాష ఒకటే, యాస కూడా ఒకటే. మాట్లాడుకోలేదనడానికి సాకు లేదు.

శంక: రిఫరీదే తుది మాట కదా, పక్కవారితో సంప్రదింపులెందుకు?

సమాధానం: తుది మాట రిఫరీదే, కాదనడం లేదు. అయితే అతనికి కళ్లు రెండే. చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సరిగ్గా ఎదురుగా నిలబడేది పక్కవాడు. పైగా ఆడుతున్నది ప్రొద్దుటూరు జట్టు, జెండా పట్టింది ప్రొద్దుటూరు సారు అయితే, ఎత్తినా తప్పే, ఎత్తకపోయినా తప్పే. అలాంటి చోట ఎవరు ఏ పని చూడాలో ముందే మార్చుకోవడం తెలివి.

అనుక్తం, అంటే పద్యంలో చెప్పనిది: మైదానం చూడటం. నల్లరేగడి నేల తడిస్తే కాలు పట్టేస్తుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది. కార్నర్ జెండా కర్ర మీటరున్నరకు తగ్గకూడదు, పైకొన మొనదేలి ఉండకూడదు. పెనాల్టీ చుక్క 11 మీటర్లు, ఫ్రీకిక్‌కు గోడ కట్టే దూరం 9.15 మీటర్లు. బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. వలకు చిల్లుంటే గోలా కాదా అన్న రచ్చ ఖాయం. పులివెందుల ఎండలో నీళ్ల విరామం సంగతి కూడా కెప్టెన్లకు ముందే చెప్పాలి: తాగడానికైతే ఒక నిమిషానికి మించరాదు, ఒళ్లు చల్లబడటానికైతే నిమిషన్నర నుంచి మూడు నిమిషాలు.

ఈ వ్యాఖ్యానం ఎవరికి? పీఈటీలకు కాదు, వారికివన్నీ తెలుసు. ఒక మ్యాచు ముగిసిన చెమట ఆరకముందే రెండో మ్యాచుకు ఈల ఊదమనే నిర్వాహకులకు. ఆ ముగ్గురికీ ఒక చెట్టు నీడ, తలా ఒక గ్లాసు మజ్జిగ, పదిహేను నిమిషాలు ఇప్పించండి. ముఖ్య అతిథి ప్రసంగంలోంచి ఆ పదిహేను నిమిషాలు తగ్గించినా మైదానంలో ఎవరూ ఆక్షేపించరు.