కింద కొట్టు, పైన కాపురం, మధ్యలో సర్కారు

అందుబాటు ధరలో ఇల్లంటే ఎంతని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. జీఎస్టీ వాళ్లు 2019 ఏప్రిల్ నుంచీ లెక్క తేల్చిపెట్టారు. హైదరాబాద్ లాంటి మహానగరంలో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల ధర దాటకపోతే అది అందుబాటు ఇల్లే. పన్ను ఒక్క శాతం. చేతిలోంచి 9 లక్షలు పెట్టుకుని, మిగతా 36 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్లకు తెచ్చుకుంటే నెలకు 31 వేల చిల్లర కిస్తీ. మాదాపూర్ అద్దాల మేడల ముందు పన్నెండు గంటలు నిలబడి వచ్చే పోయే కార్లకు సెల్యూట్ కొట్టే సెక్యూరిటీ ఆయన తన జీతమంతా తెచ్చి పోసినా ఆ కిస్తీ నిండదు. ఎవరి చేతికి అందుబాటు అన్నది మాత్రం ఆ నిర్వచనంలో రాయలేదు. రాసుంటే బాగుండేది కాదు కూడా.

సరే, కొనలేనివాడు అద్దెకుంటాడు కదా అంటారా? అక్కడే మన ప్రభుత్వాలకు చిన్న ఇబ్బంది. పట్టా పంచితే ఫొటో, తాళంచెవి ఇస్తే ఫొటో, గృహప్రవేశంలో పాలు పొంగిస్తే ఇంకా పెద్ద ఫొటో. అద్దె రసీదు అందించే ఫొటో ఏ పేపరు వేస్తుంది? అందుకే ఇల్లంటే ఇచ్చేది, లేదా అమ్మేది. అద్దెకుండేది అన్న ఆలోచన సచివాలయంలో ఏ ఫైలుకూ తట్టదు.

ఈలోగా అంకెల తమాషా చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటి 11 లక్షల ఇళ్లు ఖాళీగా తాళాలేసి కనిపించాయి. ఆ మరుసటేడే కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో కోటి 88 లక్షల ఇళ్ల కొరత ఉందని చెప్పింది. రెండు కాగితాలూ ఒకే ప్రభుత్వానివి. పక్కపక్కన పెట్టి చదవమని ఎవరూ చెప్పినట్టు లేదు.

చదివించింది కరోనా. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నెత్తిన మూటలతో మేడ్చల్ రోడ్డెక్కి నడిచిపోతుంటే, వీళ్లకు నగరంలో అద్దె ఇళ్లు లేవన్న సంగతి ఢిల్లీకి స్ఫురించింది. 2020 జులైలో అందుబాటు అద్దె ఇళ్ల సముదాయాల పథకం వచ్చింది. అంతకు ముందు పథకాల కింద కట్టి, ఎవరూ చేరక పాడుబడుతున్న 83 వేల పైచిలుకు సర్కారీ ఇళ్లను అద్దెకివ్వాలన్నారు. ఆలోచన బంగారం. ఏళ్లు గడిచాక అందులో అద్దె ఇళ్లుగా మారినవి ఎన్నో చూస్తే, ఆరు వేలు కూడా లేవు. మిగతావాటిలో పావురాలున్నాయి, అవి అడ్వాన్స్ అడిగితే ఇవ్వవు. 2024లో కేంద్రం తన పట్టణ ఇళ్ల పథకానికి రెండో రూపం తెచ్చి అందులోనూ అద్దె ఇళ్లకో అర కేటాయించారు. మంచిదే, అరలంటూ ఉంటే దుమ్ము పట్టడానికైనా చోటుంటుంది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 2015లో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట దగ్గర ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్రూమ్ ఇళ్లు కట్టి, ఆ బస్తీ జనానికే, ఉన్నచోటే ఇచ్చారు. అది బాగుంది, బాగుందని ఒప్పుకుందాం. దాన్నే పెద్దది చేస్తామని వెళ్లి కొల్లూరులో తేలారు. 2023 జూన్‌లో ప్రారంభోత్సవం, 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఆకాశాన్నంటే బ్లాకులు. అమీర్‌పేటలో నాలుగిళ్లలో అంట్లు తోముకునే మనిషికి అక్కడ ఇల్లొచ్చింది. ఇల్లొచ్చింది గానీ ఆ నాలుగిళ్ల అంట్లు కొల్లూరు దాకా రావు కదా! తెల్లారేసరికి బస్సు పట్టుకుని పోవాలి, లేదా అమీర్‌పేట వెనక సందులో పాత పోర్షన్‌లోనే ఉండిపోవాలి. ఉండిపోయి కొల్లూరు ఇల్లు ఎవరికైనా అద్దెకిస్తే? నేరం. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్నది షరతు. అధికారులు సర్వేలకు వస్తారు, నోటీసులిస్తారు. అద్దె ఇళ్లు దొరకని నగరంలో, అద్దెకివ్వడమే తప్పయిన వేల ఇళ్లు కట్టిన ఘనత మనదే.

కాలనీలో షాపింగ్ కాంప్లెక్సులు పెట్టాం కదా అంటారు. పెట్టారు. కాంప్లెక్సు వేరు, కొట్టు వేరు. పొయ్యి మీద పోపు మాడుతుండగా కరివేపాకు కోసం లిఫ్టు దిగి, మూడు బ్లాకులు దాటి, కాంప్లెక్సు దాకా నడిచే ఇల్లాలు ఎక్కడుంటుందో ప్లాను గీసినవాళ్లే చెప్పాలి.

ప్రైవేటు బిల్డరు దగ్గర ఈ లోటు లేదు. ఆయన బ్రోషర్‌లో 'నైబర్‌హుడ్ రిటైల్' అని ఒక పేజీ పూర్తిగా ఉంటుంది. గొడుగుల కింద తెల్ల దొరసానులు కాఫీ తాగుతుంటారు, పక్కన ఒక కుక్క. కట్టడం పూర్తయ్యాక ఆ చోట బ్యాంకు ఏటీఎం, కార్పొరేట్ క్లినిక్, సేల్స్ ఆఫీసు వెలుస్తాయి. గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన్ని అసోసియేషన్ వాళ్లు వాట్సాప్‌లో తీర్మానం చేసి మరీ సాగనంపుతారు. ఆ తర్వాత ఇస్త్రీకి యాప్ ఉంటుంది.

ఇప్పుడు అసలు అద్దె ఇళ్లు ఎవరు కడుతున్నారో చూద్దాం. బోరబండ, మూసాపేట, కృష్ణానగర్, ఎటైనా వెళ్లండి. ఎనభై గజాల జాగా. కింద రెండు షట్టర్లు, పైన మూడంతస్తుల్లో పోర్షన్లు, ఆ పైన ఓనర్ల రేకుల గది. ఒక షట్టర్లో కిరాణా, రెండోదాంట్లో బ్లౌజులు కుట్టే మిషను, మిషను పక్కనే రీచార్జి, జెరాక్సు. రెండో అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది, అందులో ఇరవై రూపాయల నోటు. పెరుగు ప్యాకెట్ వేసి చిల్లరతో సహా పైకి లాగమని కిరాణా ఆయన కేకేస్తాడు. ఇల్లు తాళమేసి పనికి పోయే తల్లి తాళంచెవి ఆయన గల్లా పెట్టె పక్కన మేకుకు తగిలించి పోతుంది. బడి నుంచొచ్చిన పిల్ల తీసుకుంటుంది. నెలాఖరుకి జీతం పడేదాకా ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు. ఈ సౌకర్యాలేవీ ఏ బ్రోషర్‌లోనూ లేవు.

డబ్బు లెక్క ఇంకా ముఖ్యం. షట్టర్ల అద్దె ఇంటి అద్దె కన్నా ఎక్కువొస్తుంది. దాని మీద ఓనర్ల బ్యాంకు కిస్తీ నడుస్తుంది, అందుకే పై పోర్షన్ వాళ్లను ఏటేటా పిండాలన్న ఆత్రం కాస్త తగ్గుతుంది. ప్రణాళికా నిపుణులు దీని మీద నలభై స్లైడ్లు వేస్తారు. ఓనరమ్మ ఒక్క ముక్కలో చెప్తుంది, "కిందది పైదాన్ని సాకుతది."

అలాగని ఓనరమ్మను దేవతను చెయ్యడం నా ఉద్దేశం కాదు. గేటుకి వేలాడే అట్టముక్క మీద 'టు-లెట్, ఫ్యామిలీకి మాత్రమే' అని ఉంటుంది. లోపలికెళ్తే:

"ఎంతమంది ఉంటరు?"

"నలుగురం అమ్మా. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు."

"చుట్టాలు బాగ వస్తరా?"

"లేదమ్మా."

"నీసు వండుతరా?"

"ఎప్పుడన్న ఆదివారం..."

"మోటరు పొద్దున ఒక్కసారే వేస్తం. ఇంతకీ మీరేమోళ్లు?"

ఈ చివరి ప్రశ్నకు జవాబు నచ్చకపోతే అట్టముక్క గేటుకే ఉంటుంది, ఇల్లు మాత్రం 'నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి పోయిన్రు'. నచ్చితే పదకొండు నెలల అగ్రిమెంట్. ఇద్దరికీ తగువొస్తే 1960 నాటి అద్దె చట్టం ఉంది. కేంద్రం 2021లో నమూనా చట్టం చేసి, ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోవద్దంది. నమూనా కదా, షోకేసులో బాగుంటుంది. సర్కారే నాలుగు వేల అద్దె ఇళ్లకు ఓనరై ఉంటే ఆ ఆఖరి ప్రశ్న అడిగే ధైర్యం పక్క గేటుకీ తగ్గేది.

సర్కారు మాత్రం ఓనరు కాలేదు, ఓనరు మీద పడింది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకోమని 2020 చట్టం చెప్పింది. అదే ఇంటికి షట్టరు బిగిస్తే కథ మారిపోతుంది. ఆస్తి పన్ను కమర్షియల్, కరెంటు మీటరు కమర్షియల్, పార్కింగ్ ఎక్కడ, సెట్‌బ్యాక్ ఎక్కడ, పై అంతస్తు ఎవరినడిగి వేశావు? ఓనరు 2015లో బీఆర్ఎస్ కింద దరఖాస్తు పెట్టుకున్నాడు. పార్టీ కాదండీ, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. పార్టీకి ఆ పేరు ఏడేళ్ల తర్వాత వచ్చింది. స్కీము కోర్టు మెట్ల మీద ఆగిపోయింది.

షట్టరు మీద ఉన్న భయం పూర్తిగా ఉత్తదనను. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వపెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైన కాపురాలున్నవాళ్లు చచ్చిపోయారు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర, కింద దుకాణం పైన ఇల్లు ఉన్న పాత భవనంలో మంటలొచ్చి 17 మంది పోయారు, అందులో పసిపిల్లలున్నారు. ఇక్కడ వేళాకోళానికి చోటు లేదు. రెండో మెట్ల దారి ఉండాలి, వైరింగ్ చూడాలి, ఇళ్ల కింద డ్రమ్ములు పెట్టేవాణ్ణి జైల్లో పెట్టాలి. కిరాణా కొట్టుకూ కెమికల్ గోదాముకూ తేడా చూసే ఇన్‌స్పెక్టరు ఒకడు కావాలి. రెండింటికీ ఒకే నోటీసిచ్చి, రెండింటి దగ్గరా ఒకే మామూలు పుచ్చుకునేవాడు కాదు.

కింద కొట్టు, పైన అద్దె కాపురం అన్నది కొత్త సంగతైతే సర్కారును క్షమించవచ్చు. 1908 మూసీ వరదల్లో నగరం కొట్టుకుపోయాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. మురికివాడలు తీసేసిన చోట బోర్డు ఇళ్లు కట్టి పేదలకు అద్దెకిచ్చింది. చార్మినార్‌కు పోయే దారి వెడల్పు చేస్తూ పత్తర్‌గట్టీలో రాతి కమానుల కింద దుకాణాలు, పైన నివాసాలు కట్టించింది. వాణిజ్యం ఒక జోను, నివాసం ఒక జోను అని విడదీయాలన్న తెలివి అప్పటికింకా రాలేదు పాపం.

ఆ దారి మొదట్లోనే మదీనా బిల్డింగ్. 1940లలో కట్టారు, కింద దుకాణాలు, పైన కాపురాలు. వాటి అద్దెలు అరేబియాలోని మదీనా నగరపు పేదలకు పంపడం కోసం వక్ఫ్ చేశారు. అక్కడ చమురు సొమ్ము ఇంకా పోటెత్తని రోజులవి. దుబాయ్ జీతాలతో కరీంనగర్‌లో మేడలు లేవడం మనకందరికీ తెలుసు. అంతకు ముందు హైదరాబాద్ కొట్ల మీది అద్దె మదీనా పేదల కడుపు నింపడానికి ఓడెక్కింది. ఇంత లెక్క తెలిసిన ఊళ్లో, ఒక బ్లాకు కింద నాలుగు షట్టర్లు పెట్టి ఆ అద్దెతో పై ఇళ్ల లిఫ్టు బాగుచేయించుకోవడం ఎలాగో ఇప్పుడు కన్సల్టెంటు వచ్చి నేర్పాలట.

అద్దె ఇళ్ల మీద అధ్యయనానికి మన బృందాలు సింగపూర్, వియన్నా పోవడానికి ఎప్పుడూ సిద్ధమే. వెళ్లిరానివ్వండి, కాదనను. వీసాలు వచ్చేలోపు ఒక పూట సిటీ బస్సులో మదీనా స్టాపు దగ్గర దిగి, తలెత్తి ఒకసారి పైకి చూసి రావచ్చు. బృందంలో ఆడవాళ్లే ఉంటే టిక్కెట్టుకు డబ్బులు కూడా అక్కర్లేదు.