గాడిద వైపు, ఏనుగు వైపు

మా అమ్మాయి హాల్లో నేలమీద బోర్లా పడుకుని, పెద్ద అట్ట మీద గాడిద బొమ్మకి నీలం రంగు వేస్తోంది. తెనాలి నుంచి వాట్సాప్ వీడియోలో మా అమ్మ చూసింది.

"ఇంత చదువు చదివి గాడిదేమిటే అమ్మలూ?"

"డెమొక్రాట్ల గుర్తు నానమ్మా. స్కూల్లో మా క్లబ్బుకి."

"అవతలివాళ్లదేమిటి?"

"ఏనుగు."

"అయితే అందులో చేరవే! లక్షణంగా వినాయకుడిలా ఉంటుంది."

ఇంత చప్పున తేల్చేసిన ఓటరుని అమెరికాలో నేనింతవరకు చూడలేదు. నిజానికి ఆ ఏనుగుని 1874లో థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు బెదిరిపోయిన జంతువుగా గీశాడు. రిపబ్లికన్లు దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. వినాయకుడి మహిమ కాకపోతే మరేమిటి?

మాది కాలిఫోర్నియా. మర్నాడు హైస్కూల్లో క్లబ్ డే. భోజనాల వేళ బల్లలు వేసుకుని, గిన్నెల్లో చాక్లెట్లు పోసి పిల్లలు పిల్లల్ని పిలుస్తారు. రోబోటిక్స్ పక్కన బైబిలు, దాని పక్కన బాలీవుడ్ డాన్సు, ఆ పక్కన రాజకీయం. దీనికో చట్టం కూడా ఉంది. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ యాక్ట్. ప్రభుత్వ హైస్కూలు ఫెడరల్ డబ్బు తీసుకుంటూ, పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకి చోటిచ్చిందా, మతమో రాజకీయమో నచ్చలేదని ఇంకోదానికి కాదనడానికి లేదు. మతం వైపువాళ్లు బైబిలు క్లబ్బుల కోసం పట్టుబట్టి తెచ్చుకున్న చట్టం అది. 1990లో సుప్రీంకోర్టూ సరేనంది. తీరా చూస్తే అదే తలుపులోంచి గే విద్యార్థుల క్లబ్బులు దర్జాగా నడిచొచ్చాయి. 1996లో సాల్ట్‌లేక్ సిటీ స్కూలు బోర్డుకి ఒళ్లు మండి, ఆ ఒక్క రకాన్ని ఆపడానికి పాఠాలతో సంబంధం లేని క్లబ్బులన్నీ ఎత్తేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం మనకే తెలుసనుకున్నాను.

మా కాలేజీలో ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ ఉండేవి. నేను ఎటువైపో నా రూమ్మేటు నిర్ణయించాడు, బకెట్టు వాడిది కాబట్టి. అందులో ఉడికించిన మైదా మోసుకుంటూ రాత్రి రెండింటికి పోస్టర్లు అంటించేవాణ్ణి. సిద్ధాంతం నాకు వంటబట్టలేదు కానీ మైదా చొక్కాకి బాగా పట్టింది. ఇక్కడ పోస్టరు అంటించాలంటే ముందు ఆఫీసులో ముద్ర వేయించుకోవాలట. పైగా గోడ రంగు ఊడని టేపే వాడాలట. విప్లవం వచ్చినట్టే!

మా అమ్మాయి క్లబ్బులో ఏడుగురు. ఇద్దరు ప్రెసిడెంట్లు, వైస్ ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు, సోషల్ మీడియా ఆఫీసరు. మామూలు సభ్యుడు ఒక్కడే. వాణ్ణి అందరూ అపురూపంగా చూసుకుంటారు. ఈ పదవులన్నీ ఎందుకంటే, కాలేజీ దరఖాస్తుకి వాడే కామన్ యాప్‌లో బయటి వ్యాపకాలకి పది గళ్లున్నాయి. గడిలో "సభ్యురాలు" అని రాస్తే బాగుండదట.

పక్కింటి శ్రీకాకుళం వాళ్లబ్బాయి రిపబ్లికన్ క్లబ్బు పెట్టాడు. రోజూ మా కార్లోనే స్కూలుకి వెళతాడు. పన్నుల మీదో, తుపాకుల మీదో వాడికేదో గట్టి అభిప్రాయం ఉండే ఉంటుందని భయపడుతూ అడిగాను.

"డెమొక్రాట్లలో ప్రెసిడెంటు పోస్టు ఖాళీ లేదంకుల్," అన్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయి ఓటరు నమోదు ఫారం నింపింది. కాలిఫోర్నియాలో పదహారేళ్లకే పేరు ముందుగా రాయించుకోవచ్చు, పద్దెనిమిది నిండితే ఓటు. దానికి పదహారేళ్లు. గ్రీన్‌కార్డు వరసలో నాకూ పదహారేళ్లే. ఏ పార్టీ అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆపి నావైపు చూసింది. పదహారేళ్లుగా ఎవరూ అడగని సలహా! గొంతు సవరించుకున్నాను.

"నాన్నా, రేపు అట్ట డిక్కీలో పట్టదు, వెనక సీట్లో పెట్టాలి. వాడు రెండోవైపు ఏనుగు వేసుకున్నాడు. కొత్తది పన్నెండు డాలర్లని ఇద్దరం సర్దుకున్నాం. నువ్వు మాత్రం గాడిద పైకి ఉండేలా పెట్టు."