పంతులుగారు నిర్దోషి!

1999 ఏప్రిల్‌లో అమెరికాలో ‘నెవర్ బీన్ కిస్డ్’ అనే ప్రేమ సినిమా ఒకటి వచ్చింది. రెండున్నర కోట్ల డాలర్లు పెడితే ఎనిమిది కోట్లకు పైగా రాబట్టింది. అందులో బుద్ధి సక్రమంగా పనిచేసిన మనిషి ఒక్కడే కనిపిస్తాడు. హీరో కాదు, హీరోయిన్ అంతకన్నా కాదు. గస్ అనే పత్రికా సంపాదకుడు. సినిమా అతన్ని మోటుమనిషిగా చూపించి మన చేత తిట్టిస్తుంది. పాపం, అతను చేసిన నేరమల్లా కళ్లముందున్న వార్తను చూసి ఇది వార్త అనడమే.

కథ చిన్నది. జోసీ గెల్లర్‌కు పాతికేళ్లు. వేషం డ్రూ బ్యారీమోర్‌ది. షికాగో సన్ టైమ్స్ డెస్కులో కూర్చుని పదిమంది రాసిన తప్పులు దిద్దుతుంటుంది. ఓరోజు మీటింగులో పత్రికాధిపతి ఆమెకేసి వేలు చూపించి, హైస్కూల్లో దొంగపేరుతో చేరి పిల్లల సంగతులు రాసుకు రమ్మంటాడు. పత్రికాధిపతులకు ఆలోచనలు ఎక్కడైనా ఇలాగే వస్తాయి కాబట్టి అక్కడ ఆక్షేపణ లేదు. జోసీకి మాత్రం ఇది పాత బాకీ. చదువుకునే రోజుల్లో ప్రామ్ అనే హైస్కూలు డాన్సు రాత్రి ముస్తాబై ఎదురుచూస్తుంటే, తీసుకెళతానన్న కుర్రాడే కార్లో వచ్చి మీద గుడ్లు విసిరి పోయాడు. ఆ కసి తీర్చుకోడానికి ఇప్పుడు ఆఫీసు జీతం కూడా ఇస్తుంది.

పాతికేళ్ల మనిషిని చూసి పదిహేడని బడివాళ్లు ఎలా నమ్మారని అడగొద్దు. ఆ వయసు మొహం ఎలా ఉంటుందో హాలీవుడ్‌కు తెలిస్తే కదా! 1978 నాటి ‘గ్రీజ్’లో స్కూలు పిల్లగా వేసిన స్టాకార్డ్ చానింగ్‌కు షూటింగు నాటికే 33. మనకూ నవ్వే మొహం లేదు. ‘శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.’ విడుదలయ్యేనాటికి మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన చిరంజీవికి 49.

వేషం మార్చి బళ్లో చేరే ఈ పని నిజంగా చేసినవాడు ఒకడున్నాడు. 1979లో కామెరన్ క్రో అనే ఇరవైరెండేళ్ల రాతగాడు శాన్ డియేగోలోని క్లెయిర్‌మాంట్ హైస్కూల్లో విద్యార్థిలా కూర్చున్నాడు. 1981లో పుస్తకం వేశాడు. అందులో పిల్లలున్నారు, వాళ్ల పార్ట్‌టైం ఉద్యోగాలున్నాయి, వాళ్ల తిప్పలున్నాయి. లేనిది క్రో ఒక్కడే. మన జోసీది ఆ పుస్తకాన్ని తిరగేసిన కథ. నెలల తరబడి పిల్లల మధ్య కూర్చుని ఆమె చివరికి పేపర్లో రాసింది తన గురించే. ‘అందగత్తెలదే రాజ్యమా’ అని వెక్కిరిస్తూ మొదలైన సినిమా, ఆ రాజ్యానికే ఆమెను ప్రామ్ రాణిని చేసి చప్పట్లు కొట్టిస్తుంది. పల్లకీ మీద కోపం కాదన్నమాట, అందులో మనం లేమన్న కోపం.

ఇక పంతులుగారు. శామ్ కౌల్సన్, ఇంగ్లీషు టీచరు. జెయింట్ వీల్ ఎక్కడానికి జోసీకి తోడు దొరక్కపోతే పక్కన తనే కూర్చుంటాడు. నా వయసొచ్చేసరికి నీ కోసం మగపిల్లలు బారులు తీరతారని ఓదారుస్తాడు. టీచరు కాబట్టి అలా అంటున్నారంటుంది పిల్ల. నిజానికి టీచరు కాబట్టే అనకూడదంటాడాయన! ఇంత శుభ్రమైన నేరాంగీకారం ఏ పోలీసు స్టేషన్లోనూ దొరకదు. అయినా హాల్లో ఒక్కరికీ ఒళ్లు మండదు. ఎందుకంటే ఆమెకు పాతికేళ్లని మనకు తెలుసు. తెలియనిది ఆయనకే. ఆయన నిర్దోషిత్వానికి సాక్ష్యం ఆయన దగ్గర లేదు, మన టికెట్టు మీద ఉంది. కంచె చేను మేసింది. మేసింది ప్లాస్టిక్ గడ్డని తర్వాత తేలింది కాబట్టి కంచె మంచిదేనట!

సరిగ్గా ఇక్కడే గస్ మేలుకున్నాడు. జోసీకి తగిలించిన రహస్య కెమెరాలో ఈ తతంగమంతా చూసి, అసలు కథ ఈ టీచరేనన్నాడు. అతని కళ్లు పత్రిక అమ్మకాల మీదే ఉండి ఉండొచ్చు. అయితేనేం, ఏ తల్లిదండ్రులైనా పొద్దున్నే పేపర్లో చదవాలనుకునే వార్త అదే. సినిమాకు మాత్రం అతను ప్రేమకు అడ్డొచ్చిన రాక్షసుడు.

సినిమా తన తరఫున షేక్‌స్పియర్‌ని వకీలుగా పెట్టుకుంది. కౌల్సన్ క్లాసులో చెప్పేది ‘యాజ్ యూ లైక్ ఇట్’. ప్రామ్‌కు జోసీ వేసేది అందులోని రోజలిండ్ వేషం. అంతా కుదిరిందనుకున్నారు. వకీలును కాస్త చదివి ఉంటే బాగుండేది. ఆర్లాండో రోజలిండ్‌ని ప్రేమించింది ఆమె మారువేషం వెయ్యకముందు. పంతులుగారు మనసు పడిందే మారువేషం మీద.

గుట్టు బయటపడ్డాక ఆయన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఈమె చిన్నపిల్ల కాదని తెలిసినప్పుడు బతికి బయటపడ్డానని మొక్కుకోవద్దూ? కోప్పడతాడు, తనను మోసం చేసిందని! జోసీ పేపరుకెక్కి క్షమించమంటుంది. బేస్‌బాల్ మైదానంలో జనం మధ్య నిలబడి అయిదు నిమిషాలు ఎదురుచూస్తానంటుంది. గడియారం సున్నాకు వచ్చాక ఆయన తీరిగ్గా వచ్చి ముద్దుపెడతాడు. స్టేడియం ఈలలు వేస్తుంది. ఆయన్ని మాత్రం ఒక్క ప్రశ్న అడిగినవాడు లేడు. తప్పు చేసినవాడు అలిగాడు, వేషం వేసింది బతిమాలుకుంది, దీనికి పేరు శుభం కార్డు.

ఇంత చేసీ సన్ టైమ్స్ అచ్చెయ్యంది గస్ అడిగిన ఆ ఒక్క వార్తే. అలాంటి పంతులు క్లాసులో మరుసటి ఏడు ముందు బెంచీలో కూర్చునే పిల్లకు నిజంగానే పదిహేడేళ్లు ఉంటాయి. ఆమె గౌనుకు కెమెరా ఉండదు, వెనకాల పత్రికా ఉండదు.