‘అదీ ఒక ఉద్యోగమేనా’ సూత్రానికి సవిశేష వ్యాఖ్య

మూలం: “అదీ ఒక ఉద్యోగమేనా?”

అవతారిక. ఈ సూత్రాన్ని రచించినదెవరో తెలియదు. పెళ్లిచూపుల్లో పెదనాన్నలు, టూలెట్ బోర్డు కింద నిలబడ్డ ఇంటి ఓనర్లు, లోను కాగితాలు తిరగేసే బ్యాంకు ఆఫీసర్లు ఎవరికి వారే పఠిస్తూ ఉంటారు కనుక వేదంలాగే ఇదీ అపౌరుషేయమని సంప్రదాయజ్ఞుల మతం. ప్రక్షిప్తమని వాదించేవారూ లేకపోలేదు గాని, వారికి ఇంకా ఎవరూ పిల్లనివ్వలేదు కాబట్టి ఆ పక్షం చెల్లదు.

ప్రతిపదార్థం. ‘అదీ’, ‘ఒక’, ‘ఉద్యోగము’ అందరికీ తెలిసిన మాటలే, వదిలేద్దాం. ‘ఏనా’ దగ్గర మాత్రం ఆగాలి. చూపుకు ప్రశ్న, వాడుకలో తీర్పు. అడిగినవారు జవాబు కోసం ఆగిన దాఖలా లేదు. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదని పాఠకులు గమనించగలరు.

ఉదాహరణ. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ‘కంప్యూటర్ ముందు కూర్చుంటే జీతమిస్తారా’ అని ముక్కున వేలేసుకున్న తరమే ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ సంబంధం తప్ప చూడనంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులు చేసుకున్న గంగవ్వ యూట్యూబ్‌లో జనాన్ని నవ్విస్తున్నంతకాలం అది కాలక్షేపం. 2020లో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టాక వృత్తి. నైయాయికులు ప్రమాణాలు నాలుగే అన్నారు. టీవీ అయిదోది.

అన్వయం. అసలు చిక్కు యాప్ చూసుకుంటూ బండి నడిపే కుర్రవాడి దగ్గర వస్తుంది. అది ఉద్యోగం కాదని పెదనాన్న పక్షం. ‘నిజమే, కాదు. అతను మా పార్ట్‌నర్’ అని కంపెనీ పక్షం. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఈ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. పూర్వపక్షమూ సిద్ధాంతమూ ఒకటే అయిపోతే ఇక వాదం ఎవరితో?

విశేషం. పార్ట్‌నర్ అన్నారు కాబట్టి సోమయాగం దాకా వెళ్లక తప్పదు. యాగానికి ఋత్విక్కులు పదహారుగురు. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ పెద్దలు. ఒక్కొక్కరి కింద ముగ్గురేసి. చెమటోడ్చేది వీళ్లు, స్వర్గానికి పోయేది యజమాని. ఇదేం న్యాయమని ఎవరైనా అడుగుతారని ముందే ఊహించిన మీమాంసా సూత్రకారుడు జైమిని, చేయించినవాడిదే ఫలం, చేసినవారిని దక్షిణతో కొనుక్కున్నాడు కదా అని తేల్చాడు. మరి ఆ దక్షిణ మాట? మనుస్మృతి దగ్గర వ్యాఖ్యాత కుల్లూకభట్టు కాగితం, కలం తీసుకుని కూర్చుంటాడు. నూరు ఆవులుంటే మొదటి నలుగురికి 48, తర్వాతి నలుగురికి అందులో సగం 24, ఆపైవారికి మూడోవంతు 16, చివరివారికి నాలుగోవంతు 12. కూడితే సరిగ్గా నూరు. ఒక్క దూడైనా ప్లాట్‌ఫామ్ ఫీజు కింద పోలేదు. ఎవరైనా మధ్యలో మానేస్తే చేసినంత పనికి వాటా ఇవ్వాలి. కలిసి పనిచేసేవాళ్లందరికీ ఇదే పద్ధతి.

ధర్మశాస్త్రంలో ఈ ప్రకరణం పేరు సంభూయ సముత్థానం, అంటే పొత్తు వ్యాపారం. కూలి ఎగ్గొట్టే తగాదాలకు వేరే ప్రకరణం ఉంది, దాని పేరు వేతనాదానం. జబ్బుపడ్డ కూలివాడు కోలుకుని ఒప్పుకున్న పని పూర్తిచేస్తే, ఎంత ఆలస్యమైనా కూలి మొత్తం ముట్టాలంటాడు మనువు. ఇలాంటి వ్యవహార ధర్మాలను తెలుగువారికి 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా పద్యాల్లో అందించాడు. పొత్తుదారుకు లాభంలో వాటా, కూలివాడికి కూలి. రెండూ కానివాడికి ప్రకరణం లేదు.

బండి కుర్రవాడు చాలా వెనకబడ్డాడు, పిలుద్దాం. అతను పొత్తుదారు అయితే లాభనష్టాల లెక్క అతనికి చూపించాలి. చూపించరు. కూలివాడయితే జబ్బు చేసినప్పుడు ఎవరో ఒకరు పూచీ పడాలి. పడరు. పెట్రోలు అతనిది, బండి అతనిది, ఫోను అతనిది. రేటు మాత్రం యాప్‌ది, అది పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇతన్ని యజమాని-ఉద్యోగి సంప్రదాయ సంబంధానికి వెలుపల సంపాదించుకునేవాడని నిర్వచించింది. ఉపనిషత్తు బ్రహ్మపదార్థాన్ని నేతి నేతి అని చెప్పిన పద్ధతే ఇది. బ్రహ్మానికి ఆకలి వేయదు, అంతే తేడా.

ఇంతకీ ఇక్కడ కర్త ఎవరో వ్యాకరణంలో చూద్దాం. పాణిని మతంలో కర్త అంటే స్వతంత్రుడు. ఆ వెంటనే మరో సూత్రంలో, కర్తను పురికొల్పి పని చేయించేవాడూ కర్తేనని చేర్చాడు. లండన్ జడ్జీలు అష్టాధ్యాయి చదివి ఉండరు గాని, 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు చూసినది ఇదే: ఛార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు, ట్రిప్పు వద్దంటే దండించేదెవరు? డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో సెలవు దక్కాయి.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డరు అందించడానికి వెళ్లిన ఒక కుర్రవాడు, కుక్క మీదికొస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఇక్కడ అలంకారం ఏమీ లేదు. ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. ప్రభుత్వం ఇచ్చింది, సరే. ఫలం అనుభవించే యజమాని ఎక్కడ? జైమిని లెక్క ప్రకారం కూడా దక్షిణ ఆయనే ఇవ్వాలి కదా.

పైన చెప్పిన కేంద్ర సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమనిధికి ఇవ్వాలి, అదీ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా. ఇలా బతికేవాళ్లు 2020-21లో 77 లక్షలని, 2029-30కి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ అంచనా. ఇంతమంది అల్లుళ్లను పెదనాన్నలు ఎన్నాళ్లు తోసిపుచ్చుతారో!

తాత్పర్యం. మూలానికే లేదు. పెదనాన్నలకు మాత్రం ఒక మనవి: ప్రశ్న మానలేకపోతే ఇలా మార్చండి. “బాబూ, ఇ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకున్నావా?” అది అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్. రుసుము లేదు.