నేను డప్పును

ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు కూతవేటు దూరంలో, ఓ పెంకుటింటి గోడకు వేలాడుతుంటాను. గుండ్రటి కొయ్య చట్రం, దానిమీద లాగి బిగించిన తోలు, ఇంతే నా ఒళ్లు. ఆషాఢంలో బోనాలెత్తినా, ఊళ్లో చాటింపు వేసినా, మనిషిని కాటికి సాగనంపినా నేను ముందు నడవాల్సిందే.

ముసురు పట్టిందంటే తేమకు నా తోలు వదులవుతుంది. అప్పుడు కొడితే మూలుగే వస్తుంది. మా తాత గడ్డి మంటేసి, నన్ను తిప్పుతూ కాపుతాడు. మధ్యమధ్యలో వేలితో కొట్టి, చెవి ఒగ్గుతాడు. 'దబ్' అన్నది 'కణ్' అనేదాకా మంట వదలడు. తోలు బిగువు నాలుగింతలైతే కంపనాల వేగం రెండింతలవుతుందని పుస్తకాల్లో ఉంది. తాత చెవికి ఆ సంగతి తెలుసు.

కుడిచేతి కర్ర, అంటే సిర్ర, నడిమికి దగ్గరగా పడితే బరువైన గొంతు పలుకుతాను. ఎడమచేతి సిటికెన పుల్ల అంచును తాకితే సన్నగొంతులు లేస్తాయి. మొన్న మనవరాలు ఫోన్లో నా దెబ్బను పట్టి, తెరమీద గీతలు చూపించింది.

"గివేంది బిడ్డా, గుట్టల లెక్క ఉన్నయి?"

"ఒక్క దెబ్బల ఇన్ని గొంతులున్నయి తాతా!"

నిజమే. వీణ తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తే, దాని పైస్వరాలు 200, 300 అంటూ వరసగా నడుస్తాయి. సాదా తోలుకు ఆ వరస ఉండదు. అడుగు గొంతు 100 అయితే, పైవి లెక్క ప్రకారం దాదాపు 159, 214, 230. మృదంగం నడుమ పూసే నల్లటి కరణి ఆ పైస్వరాలను వరసలోకి తెస్తుందని సి.వి.రామన్ 1920లోనే వివరించారు. నాకు కరణి లేదు. వరసలో ఇమడని గొంతులన్నీ ఒక్కసారిగా లేవడమే నా బలం.

సెకనుకు 100 కంపనాల ధ్వని అల పొడవు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. చెట్టూ గోడా దాన్ని ఆపలేవు, చుట్టి వెళ్లిపోతుంది. సన్నగొంతులను దారిలో గాలే తినేస్తుంది. అందుకే చెరువుకట్ట అవతలివాళ్లకు నాలో బరువు గొంతే వినిపిస్తుంది.

నన్ను మోగించే చేతులను ఊరు తరతరాలుగా దూరం పెట్టింది. దూరం నుంచి విన్నవాళ్లు నాది ఒట్టి చప్పుడన్నారు. ఈసారి మంట దగ్గరికొచ్చి, తాత పక్కన కూర్చుని వినండి. నా గొంతులన్నీ అక్కడే వినిపిస్తాయి.