డ్రిల్లింగ్ రిగ్గు ఆత్మకథ

కొండను తొలిచి లోపలి రాయిని పైకి తీసే రిగ్గును నేను. పుట్టింది హైదరాబాదు నాచారం పారిశ్రామికవాడలో. కొత్తలో లారీ మీద హబ్సిగూడ చౌరస్తా దాటుతూ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్.జి.ఆర్.ఐ. వైపు చూసి, భూగర్భం లోతులు తెలుసుకునే పనిలో నాకూ ఇంత వాటా ఉందని పొంగిపోయేదాన్ని.

నా మొదటి పని విశాఖ మన్యంలో, అనంతగిరి కొండల మీద. లారీ ఎక్కని చోట నన్ను విప్పి, రాడ్లను భుజాల మీద మోసుకెళ్లారు. మోసింది కొండ కింది పల్లెల గిరిజనులే. ఈ కొండ తవ్వుకోవచ్చా అని మాత్రం వాళ్లను ఎవరూ అడగలేదు.

నీళ్లు వాడితే మెత్తటి బాక్సైట్ కొట్టుకుపోతుందని నన్ను పొడిగానే తిప్పేవారు. పైకొచ్చిన కోర్ ఇటుక రంగులో, ఒళ్లంతా సన్నని రంధ్రాలతో ఉండేది. ఓ ముసలమ్మ చెంబుతో దాని మీద నీళ్లు పోసింది. చూస్తుండగానే రాయి వాటిని పీల్చేసుకుంది.

"ఈ రాయి పట్టుకుపోతే మా గెడ్డకి నీరెలాగొస్తాది బాబూ?" అంది.

డ్రిల్లరు తల వంచుకున్నాడు. రిపోర్టులో ఖనిజం ఎంత లోతుందో రాశారు. వాళ్ల వాగు, ఆ గెడ్డ ఊసే లేదు.

గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం ఉన్నా, అదే అనంతగిరి ప్రాంతంలో నిమ్మలపాడు దగ్గర కాల్సైట్ గనుల లీజు ప్రైవేటు కంపెనీకి వెళ్లింది. సమత సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా బాక్సైట్ మీద ఆశ చావలేదు. 2015 నవంబరులో 1,212 హెక్టార్ల అటవీ భూమిని గనులకిస్తూ జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయింది.

ఇప్పుడు నేను మళ్లీ నాచారంలోనే, షెడ్డు వెనక తుమ్మచెట్టు కింద పడి ఉన్నాను. యజమాని నా ఇంజను ఊడదీసి అమ్మేశాడు. గ్రీజు తగిలి ఏళ్లయింది. వానకు నాని మాస్టు పొరలు పొరలుగా ఊడుతోంది. నా పక్కనే కోర్ పెట్టెలు, చెదలు తినేసి. మూతల మీద నంబర్లు చెరిగిపోయాయి. ఏ కొండదో, ఏ లోతుదో ఇక ఎవరూ చెప్పలేరు. నన్ను పారేసినందుకు బాధే. అంత దూరం నుంచి తెచ్చిన కొండను ఇలా మట్టిపాలు చేసినందుకు మాత్రం కడుపు రగిలిపోతోంది.

కొత్త రిగ్గుతో మన్యం ఎక్కబోయే ఇంజనీరుగారూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. భూసేకరణ దాకా ఆగకండి, మొదటి బోరుకు ముందే వెళ్లి ఆ సభలో కూర్చోండి. ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని, గెడ్డలు పుట్టే చోట్లన్నీ మీ మ్యాపులో గుర్తుపెట్టుకోండి. వాళ్లు వద్దంటే రిగ్గును కిందికి దించేయండి.