త్రీడీ రోడ్డు మీద వడ్లెక్కడ?

ఈ మధ్య ఏ పట్టణంలో రోడ్డు ముట్టుకున్నా ముందుగాల ఒక త్రీడీ వీడియో దిగుతున్నది. మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. కింద క్యూఆర్ కోడ్, దాని పక్కన ‘ఇది అందరి రోడ్డు, మీ అభిప్రాయం చెప్పండి’ అనే ముక్క. ఊరి పేరొక్కటే మారుతుంది, వీడియో మారదు. అందులో మే నెలలో కూడా ఆకాశం నీలంగానే ఉంటుంది.

ఆ వీడియోలో నడిచే మనుషులను నేను తీరుబడిగా చూశాను. అందరూ సన్నగా ఉంటారు. సగం మంది భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు. ఒక తెల్లామె చంటిపిల్లను చక్రాల బండిలో తోసుకుంటూ పోతుంది. ఒకాయన కుక్కను గొలుసుతో పట్టుకొని నడుస్తాడు. మన గల్లీల్లో మనుషులను కుక్కలే ఉరికిస్తాయి, అది వేరే ముచ్చట. కార్లు నాలుగే, ఒకదానికొకటి ఆమడ దూరంలో. హారన్ లేదు, వెనక పియానో.

ఈ వీడియోను నిర్మల్ జిల్లా ఖానాపూర్ మీద అతికించి చూద్దాం. అంగడి రోజనుకోండి. నిర్మల్ దిక్కు నుంచి ఆర్టీసీ బస్సు, ఉట్నూర్ దిక్కు నుంచి పత్తి ట్రాక్టరు, రెంటి నడుమ గొర్ల మంద. పెంబికో కడెంకో పోయే ఆటోవాడు పది మందిని ఎక్కించుకొని కూడా ఇంకొకరికి జాగా ఉందని పిలుస్తుంటాడు. సదర్మాట్ ఆయకట్టులో కోతలు షురువైతే హార్వెస్టర్ వస్తుంది. అది వచ్చిందంటే రోడ్డు మొత్తం దానిదే. వీటిలో ఒక్కటీ త్రీడీకి ఎక్కలేదు. నెత్తిన గంప పెట్టుకున్న మనిషి ఒక్కరు లేరు. గొంగడి లేదు. చేతికర్ర లేదు. బడి విడిచినంక రోడ్డు నిండా వచ్చే పోరగాళ్లు లేరు.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది వడ్ల దగ్గర. యాసంగి కోతలప్పుడు మా దిక్కు రోడ్లను అందరికన్నా ఎక్కువ సేపు వాడుకునేవి వడ్లే. సగం రోడ్డు వడ్లకు, మిగిలిన సగం రెండు వైపుల బండ్లకు. వడ్ల మీదికి టైరు రాకుండా అంచుకు రాళ్లు పేరుస్తారు. చీకట్లో బైకు మీద వచ్చినవాడికి ముందు ఆ రాళ్లే తగులుతాయి. తప్పు రైతుదా? కల్లం ఉన్నవాడు తన పంటను బస్సు కింద ఎందుకు పోస్తాడు? ఆ వీడియోలో ‘రోడ్డును వాడుకునే వర్గాలు’ అని పాదచారి, సైకిలు, కారు, బస్సు బొమ్మలు వరుసగా పెట్టిన పెద్దమనిషికి వడ్ల కుప్ప కనబడలేదు. కంప్యూటర్‌లో ఊరూ పేరూ లేని విదేశీ చెట్లన్నీ దొరుకుతాయి, వడ్ల కుప్ప మాత్రం దొరకదేమో. దొరికితే దాని మీద కూడా ఆ కుక్కను నడిపించేవారే.

సరే, కోడ్ స్కాన్ చేశాం. అడిగిన ప్రశ్నలేంటి? స్తంభాలకు సీతాకోకచిలుక లైట్లా, తామరపువ్వు లైట్లా? డివైడర్‌లో ఏ మొక్కలు? సెల్ఫీ పాయింట్ ఎక్కడ? రోడ్డు ఎక్కడ దాటుతారని మాత్రం అడగలేదు. అయినా స్వచ్ఛ సర్వేక్షణ్ రోజుల్లో మన ఫోన్ అడుక్కొని, ఓటీపీ చెప్పించుకొని, మన సంతృప్తిని సిబ్బందే నింపుకుపోతే చూస్తూ నిలబడ్డవాళ్లం. మనకిది కొత్తా?

ఒక పట్టణంలో ఇట్లాంటి మీటింగుకు పోయాను. పని రోజు, పగలు పదకొండు గంటలకు, మెట్లెక్కి పోయే పైఅంతస్తు హాలులో. టెండర్ అయిపోయింది, అయినా సలహాలు స్వీకరిస్తామన్నారు. మూడు ముళ్లు పడ్డంక పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది. ఒక ముసలాయన లేచి, “దవాఖాన కాడ రోడ్డు దాటుడెట్ల సారూ?” అన్నాడు. “మంచి ప్రశ్న, నోట్ చేసుకోండి” అన్నారు. రాసుకున్న చెయ్యి నాకు కనబడలేదు. ఫొటో మాత్రం దిగారు.

నవ్వులాట ఇక్కడిదాకే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నడిచిపోతున్నవాళ్లు 32,825. అంటే రోజుకు దాదాపు 90 శవాలు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. అడ్డంకి లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించొద్దని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. మన దగ్గర ఫుట్‌పాత్ అంటే మోరీ మీది బండలు. వాటిలో ఒకటి ఎప్పుడూ ఉండదు. ఆ సందులో ఇరిగిన కాలుకు ఏ కోడ్ స్కాన్ చేయాలి?

జనాన్ని అడగడానికి చట్టం లేదా అంటే, ఉంది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వయసు పైబడ్డవాళ్లు, ఊరి ప్రముఖులు. కమిటీకి 15 మంది. ఖానాపూర్‌లో 12 వార్డులు, అంటే 720 మంది. వీళ్లను రోడ్డు మీద నిలబెట్టి ఇక్కడ ఎట్లా నడుస్తారని అడిగితే చాలు, ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. అడగడానికి మార్కులు పెడితే ఏమవుతుందో కూడా చూశాం. కరీంనగర్‌ను హైదరాబాద్‌కు బదులు పంపి, 2017లో స్మార్ట్ సిటీ చేసుకున్నప్పుడు ఆ పోటీలో ప్రజాభిప్రాయానికీ మార్కులుండేవి. మార్కులు పెట్టగానే ఎంతమంది చెప్పారన్నది లెక్కకొచ్చింది, ఏం చెప్పారన్నది మూలకు పోయింది. 2025 మార్చి 31తో ఆ స్మార్ట్ సిటీ మిషనూ ముగిసింది.

న్యూయార్క్‌లో 2009లో టైమ్స్ స్క్వేర్‌లో కార్లను ఆపి, మడత కుర్చీలు వేసి చూశారు. జనం కూర్చున్నారు. కాంక్రీటు ఆ తర్వాతి సంగతి. మనకు కుర్చీలు కూడా వద్దు. రెండు బస్తాల సున్నం, పది డ్రమ్ములు తెచ్చి బస్టాండ్ ముందు గీతలు గీసి ఒక నెల నడవనివ్వండి. డ్రమ్ములను ఎవరు ఎటు జరిపారో చూస్తే జనాభిప్రాయం తెలిసిపోతుంది. అయితే డ్రమ్ముకు శిలాఫలకం వేయలేరు, రిబ్బను కట్టలేరు, పియానో పెట్టలేరు.

ఇంకొక్కటి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వ్యాపారుల సర్వే అయ్యేదాకా ఎవరినీ లేపొద్దు. త్రీడీలో కూరగాయల బండి పెట్టే జాగాలో పూల కుండీ ఉంది. ఆ బండి పెట్టే అమ్మను ఏ మీటింగుకు పిలిచారో, ఎన్నో కుర్చీలో కూర్చోబెట్టారో ఎవరన్నా చెప్పండి, ఆ వీడియోకు నేను కూడా లైక్ కొడతాను.